దారిలో చచ్చిన జీవం ఎవరిది?



పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున నాకు ఫోన్ వచ్చింది. చేసింది రెండేళ్ల కింద మన దగ్గర దీక్ష తీసుకున్న ఒక తమ్ముడు. వాళ్ల ఊరి బైపాస్ మీద రాత్రి లారీ గుద్ది ఒక గేదె చచ్చిపోయింది. తెల్లారకముందే ఊరి పెద్ద ఒకాయన గూడేనికి కబురు పెట్టాడు. "వాసన కొట్టకముందే మీవాళ్లు ఇద్దరు వచ్చి గొడ్డును ఈడ్చెయ్యండి" అని. ఆ ఊరికి పంచాయతీ ట్రాక్టర్ ఉంది. జీతం తీసుకునే పారిశుధ్య పనివాళ్లున్నారు. అయినా కబురు పంచాయతీ ఆఫీసుకు పోలేదు. తాతల నాడు ఎక్కడికి వచ్చేదో అక్కడికే వచ్చింది.

తమ్ముడు నన్ను అడిగిన మాట ఇది. "అన్నా, మనం బౌద్ధులమయ్యాం గదా. చచ్చిన గొడ్డును ముట్టొచ్చా? పోకపోతే కరుణ లేనివాళ్లమవుతామా? పోతే బాబాసాహెబ్ మాట తప్పినట్టా?"

అప్పటికి నేను "పోవద్దు, పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చెయ్యి" అని మాత్రం చెప్పాను. కానీ ఆ ప్రశ్న అంత చిన్నది కాదు. దానికి ముందు ఎండాకాలంలోనే, పక్క మండలంలో మనవాళ్ల పిల్లలు ముగ్గురు రాత్రి బండి మీద వస్తుంటే రోడ్డు మీద వాహనం గుద్దిన జింక కనిపించింది. ఇంటికి తెచ్చి కోసుకున్నారు. మర్నాడు ఫారెస్టు వాళ్లు వచ్చారు. "మేం చంపలేదు సార్, చచ్చిందాన్నే తెచ్చాం" అని పిల్లలు మొత్తుకున్నారు. వాళ్లు చెప్పింది నిజమే. అయినా కేసు అయింది.

ఒకచోట చచ్చిన జీవాన్ని ఎత్తమని మనల్ని అధికారంతో పిలిచారు. ఇంకోచోట చచ్చిన జీవాన్ని ఎత్తినందుకు మనల్నే పట్టుకున్నారు. దారిలో చచ్చిన జీవం ఎవరిది? దాన్ని ఎవరు ఎత్తాలి? ఎవరు ఉంచుకోవచ్చు? ఈ ఆదివారం ధమ్మం వైపు నుంచీ చట్టం వైపు నుంచీ దీన్ని కలిపి చూద్దాం.

సింహం వదిలిన మాంసం

వినయ పిటకంలో ఒక చిన్న సంఘటన ఉంది. కొందరు భిక్షువులు రాజగృహం దగ్గర గృధ్రకూటం, అంటే రాబందుల గుట్ట, దిగి వస్తున్నారు. దారిలో సింహం చంపి తిని వదిలేసిన జంతువు మాంసం కనిపించింది. దాన్ని వండించుకుని తిన్నారు. తర్వాత వాళ్లకు అనుమానం పట్టుకుంది. మనం ఇయ్యనిదాన్ని తీసుకున్నామా, దొంగతనం చేశామా అని. వెళ్లి భగవానుడికి చెప్పుకున్నారు. సింహం ఎంగిలి తీసుకోవడంలో దోషం లేదని ఆయన తేల్చారు.

ఈ సంఘటనలో మనం గమనించాల్సింది ఒకటుంది. చచ్చిన జంతువును ముట్టారు కాబట్టి మైలపడ్డారా అనే ప్రశ్న అక్కడ లేనే లేదు. భిక్షువులకూ ఆ అనుమానం రాలేదు, బుద్ధుడూ ఆ మాట ఎత్తలేదు. అక్కడ నడిచిన విచారణ అంతా ఒక్కదాని మీదే. అది ఎవరిది? ఎవరి దగ్గర నుంచైనా తీసుకున్నారా?

బుద్ధుడు శవాన్ని చూసి ముక్కు మూసుకుని పక్కకు తప్పుకోమని చెప్పలేదు. శ్మశానానికి వెళ్లి కుళ్లుతున్న శరీరాన్ని చూస్తూ, నా శరీరం కూడా ఇంతే అని ధ్యానించమని సతిపట్ఠాన సుత్తంలో చెప్పాడు. పారేసిన గుడ్డలను, శ్మశానంలో పడి ఉన్న గుడ్డలను ఏరి కుట్టుకున్న చీవరాన్ని పాంసుకూలం అంటారు. దాన్ని సంఘం గౌరవంగా చూసింది. భిక్షువులు తోలు చెప్పులు తొడుక్కోవడానికి అనుమతి ఉంది. ఒక భిక్షువు తోలు మీద ఆశపడి లేగదూడను చంపించినప్పుడు మాత్రం బుద్ధుడు గట్టిగా మందలించాడు, ఆవు తోళ్లు వాడొద్దని నియమం పెట్టాడు. అక్కడ తప్పు ప్రాణం తీయించడం.

ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని ధమ్మం చెబుతుంది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఈ జాబితాలో తోలు పని లేదు. చెప్పులు కుట్టడం లేదు. చచ్చిన పశువును పూడ్చడం లేదు. మన తాతల పనిని నీచం అన్నది ధమ్మం కాదు, వర్ణ వ్యవస్థ.

శీలాన్ని ఎట్లా కొలవాలి

పంచశీలలో మొదటిది ప్రాణం తీయకపోవడం, రెండోది ఇయ్యనిదాన్ని తీసుకోకపోవడం. రోజూ విహారంలో చెప్పుకుంటున్నాం. రోడ్డు మీద వాటిని ఎట్లా వాడాలో చూద్దాం.

మొదటి శీలం తప్పాలంటే ఐదు ఉండాలని పాత అట్ఠకథలు వివరించాయి. ప్రాణి ఉండాలి. అది ప్రాణి అని తెలియాలి. చంపాలన్న చేతన ఉండాలి. ప్రయత్నం చేయాలి. దానివల్ల చావు జరగాలి. చీకట్లో అడ్డం వచ్చిన కుందేలు మీ బండి కింద పడితే అక్కడ చేతన లేదు. శీలం తప్పలేదు. కానీ దానికి ఇంకా ప్రాణం ఉందా అని దిగి చూడకుండా పోతే కరుణ తప్పినట్టే. అదే, కుందేలు కళ్లు లైటుకు మెరవగానే కూరకు వస్తుందని హ్యాండిల్ తిప్పి గుద్దినవాడు నూటికి నూరుపాళ్లు ప్రాణం తీసినవాడే. బండి అతని ఆయుధం. చట్టం లెక్కలో కూడా అది వేటే.

రెండో శీలానికీ ఐదే. వస్తువు ఇంకొకరిది కావాలి, అది తెలియాలి, దొంగబుద్ధి ఉండాలి, ప్రయత్నం ఉండాలి, తీసుకోవాలి. అందుకని దారిలో చచ్చిన జీవం కనిపిస్తే బౌద్ధుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "ఇది ఎవరిది?" అని. బుద్ధుడి కాలంలో అడవిలో సింహం వదిలిన మాంసానికి యజమాని లేడు. ఇప్పుడు ఉన్నాడు. అది తెలియకనే ఆ ముగ్గురు పిల్లలు ఇరుక్కున్నారు.

చట్టం ఏం చెబుతోంది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన అడవి జంతువు, పొరపాటున చంపబడిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తి. దాని మాంసం, చర్మం, కొమ్ములు, గోళ్లు అన్నీ అంతే. అట్లాంటిది ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లోపల దగ్గర్లోని పోలీసు స్టేషనుకో, అధికారం ఉన్న అటవీ అధికారికో తెలపాలి. అడిగితే అప్పగించాలి. ముందుగా అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం, నాశనం చేయడం నేరం. నెమలి, అలుగు వంటి మొదటి షెడ్యూలు జీవాలైతే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. "నేను చంపలేదు" అన్న మాట వేట కేసుకు జవాబు అవుతుంది గానీ, ఇంట్లో ఉంచుకున్న కేసుకు జవాబు కాదు.

ఈ చట్టం ఎందుకిట్లా ఉంది? చచ్చిందాన్ని ఉంచుకోవచ్చు అంటే చంపినవాడు కూడా "దారిలో దొరికింది" అంటాడు. అడవి జీవానికి రక్షణ మిగలదు. ప్రాణుల పట్ల మైత్రి, కరుణ చూపుతాం, వాటిని కాపాడతాం అని 22 ప్రతిజ్ఞల్లో మాట ఇచ్చినవాళ్లం. ఈ చట్టం మనకు శత్రువు కాదు. తెలియకపోవడమే మనకు శత్రువు. నాలుగు ముద్దల కూర కోసం పిల్లల చదువు, ఉద్యోగం కోర్టు మెట్ల మీద పోగొట్టుకోవద్దు.

గేదె, ఆవు, మేక వంటివి ఇంటి యజమానివి. చచ్చినా యజమానివే. అతను ఇస్తేనే ఇంకొకరు తీసుకోవాలి. గోవధ నిషేధ చట్టాలు మాట్లాడేది వధ గురించి. తనంతట తాను చచ్చిన పశువు తోలు తీయడం వధ కాదు. అయితే చచ్చిన పశువు మాంసం అమ్మడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధిస్తాయి. దానికి కారణం కులం కాదు, ఆరోగ్యం. పశువు ఎందుకు చచ్చిందో కంటికి తెలియదు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువును కోస్తే, ఆ మాంసం ముడితే మనిషికి పుండ్లు లేస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. విశాఖ మన్యంలో గిరిజనులకు ఇట్లా సోకింది. ముక్కు నుంచో, నోటి నుంచో నల్లటి నెత్తురు కారుతున్న పశువును ఎవరు చెప్పినా, ఎంతిస్తామన్నా ముట్టొద్దు. పశువుల డాక్టరును పిలిపించండి.

మరి బాబాసాహెబ్ ఎందుకు వద్దన్నారు?

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. బుద్ధుడు సింహం వదిలిన మాంసంలో దోషం లేదన్నాడు. బాబాసాహెబేమో చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నారు. ఇద్దరి మాటలూ ఎట్లా పొసుగుతాయి?

1927 మార్చి 19, 20 తేదీల్లో మహద్‌లో సభ జరిగింది. ఆ సభ తర్వాతే చౌదార్ చెరువు నీళ్లు తాగారు. అది మనందరికీ తెలుసు. కానీ చెరువుకు నడిచేముందు ఆ సభలో ఏం మాట్లాడారో చాలామందికి తెలియదు. చచ్చిన పశువు మాంసం తినడం మానెయ్యండని బాబాసాహెబ్ జనాన్ని అడిగారు. ఆ ఆచారాన్ని చట్టంతో ఆపమని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం కూడా చేశారు. అదే సభలో ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్య కోసం తీర్మానం ఉంది. చదువు, నీళ్లు, చచ్చిన గొడ్డు, మూడూ ఒకే పోరాటంలో భాగం.

1948లో వచ్చిన ఆయన పుస్తకం 'ది అన్‌టచబుల్స్' ఇంకా లోతుకు పోయింది. అంటరానివాళ్లుగా చేయబడిన మన పూర్వీకులు ఊరి బయట ఉంచబడిన 'విరిగిన మనుషులు', వాళ్లు బౌద్ధులు అని ఆయన వాదించారు. గోవధను నేరం చేసిన రాజుల చట్టం వాళ్లను తాకలేదని, ఎందుకంటే వాళ్లు ఆవును చంపలేదని, చచ్చిన ఆవును తిన్నారని వివరించారు. చంపి తినేవాళ్లు మానేసి పవిత్రులయ్యారు. చంపని మనవాళ్లు అపవిత్రులయ్యారు! ప్రాణం తీయడం కొలత అయితే ఈ తీర్పు తిరగబడాలి గదా. కొలత అది కాదు కాబట్టే ఇట్లా అయింది.

కాబట్టి ఇద్దరి మాటా ఒక్కటే. భిక్షువులు గుట్ట దిగుతూ తమ ఇష్టంతో తీసుకున్నారు. వాళ్లకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, అందుకు ఎవరూ వాళ్లను వెలివేయలేదు. మనవాళ్లు మాత్రం పిలిస్తే పోవాలి, ఈడ్చాలి, కూలికి బదులు ఆ మాంసమే తీసుకోవాలి, మళ్లీ ఆ మాంసం తిన్నారని అంటరానివాళ్లు కావాలి. బాబాసాహెబ్ తెంపమన్నది ఈ గొలుసును. గొడ్డు మీద అసహ్యంతో చెప్పిన మాట కాదది.

రెండు సింహాలు

2016 జులై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర మోటా సమధియాలలో మన సోదరులు చచ్చిన ఆవు తోలు తీస్తుంటే గోరక్షకులమని చెప్పుకున్నవాళ్లు వచ్చి కొట్టారు. పట్టణంలోకి తీసుకుపోయి, చొక్కాలు విప్పి, బండికి కట్టి ఇనప రాడ్లతో బాదారు. ఆ ఆవును చంపింది గిర్ అడవి సింహమని తర్వాత విచారణలో తేలింది. ఆలోచించండి. గృధ్రకూటం కింద సింహం వదిలింది తీసుకున్నవాళ్లను బుద్ధుడు విచారించి నిర్దోషులన్నాడు. మన కాలంలో సింహం వదిలింది తీసుకున్నవాళ్లను విచారణ లేకుండానే బాదారు.

అది గుజరాత్‌లోనే ఆగలేదు. మరుసటి నెల తూర్పు గోదావరి జిల్లా అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. 2002లో హర్యానాలోని ఝజ్జర్ దగ్గర ఐదుగురిని చంపేశారు. ఎత్తకపోతే తిడతారు, ఎత్తితే కొడతారు.

ఊనా తర్వాత గుజరాత్ దళితులు కళేబరాలను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరు ఆఫీసు ముందు పడేశారు. తల్లి అంటున్నారు గదా, మీ తల్లికి మీరే అంత్యక్రియలు చేసుకోండి అన్నారు. పని మానేశారు. ఊళ్లు కంపుకొట్టాయి. ఆ పని ఎంత అవసరమో, చేసేవాళ్లకు ఎంత విలువ ఇచ్చారో దేశానికి అప్పుడు తెలిసింది. 2018 ఏప్రిల్లో ఊనా బాధిత కుటుంబం వాళ్ల ఊళ్లోనే బౌద్ధం స్వీకరించింది. దెబ్బలు తిన్న నేల మీదనే శరణు చెప్పుకున్నారు.

మన చేతిలో ఉన్న చట్టాలు

కబురు వచ్చినప్పుడు నోటిమీద ఉండాల్సిన సంగతులు ఇవి.

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం అంటరానితనం పేరున ఎవరినైనా కళేబరం ఎత్తమని, తోలు తీయమని బలవంతం చేయడం నేరం. ఈ సెక్షన్ 1976 సవరణతో వచ్చింది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీలు కాని వ్యక్తి ఎస్సీల చేత, ఎస్టీల చేత మనిషి శవాన్ని గానీ పశువు కళేబరాన్ని గానీ మోయించినా, పారవేయించినా, గోతులు తవ్వించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. పోమన్నందుకు సాంఘికంగా, ఆర్థికంగా వెలివేసినా, వెలివేస్తామని బెదిరించినా అదే చట్టం కింద నేరం.

"మీరు బౌద్ధులయ్యారు, మీకు ఆ చట్టం ఎక్కడిది?" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. 1990 నుంచి బౌద్ధం స్వీకరించిన ఎస్సీలకు ఎస్సీ హోదా ఉంది.

ఊరి పారిశుధ్యం పంచాయతీ బాధ్యత. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయండి. పశువు కొనఊపిరితో ఉంటే 1962కు చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. అడవి జంతువైతే ఫారెస్టు రేంజి ఆఫీసుకో, 112కో చెప్పండి. ఫోటో తీయండి, చోటు చెప్పండి, ముట్టకండి. బలవంతం, బెదిరింపు ఉంటే 14566కు ఫిర్యాదు చేయండి.

ఆ తమ్ముడి ఊళ్లో ఏం జరిగింది

తమ్ముడు ఆ పొద్దున గూడెం నుంచి ఎవరినీ పోనివ్వలేదు. కార్యదర్శికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. పది దాటాక జేసీబీ వచ్చింది. ఊరి బయట లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. మొత్తం పని గంటలో అయిపోయింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ పెద్దాయన నాట్లకు గూడెం ఆడవాళ్లను పిలవడం మానేశాడు. నష్టపోయిన అక్కలు తమ్ముడి ఇంటిమీదికి వచ్చారు. "నీ బుద్ధుడు మాకు కూలి పెడతాడా?" అన్నారు. మేం నలుగురం వెళ్లి కూర్చున్నాం. ఆ అక్కల కోపంలో న్యాయం ఉంది. వెలివేయడం నేరమని చెప్పాం. తహసీల్దారుకు అర్జీ పెట్టాం. అందరూ కలిసి వేరే ఊళ్లో నాట్లు గుత్తకు పట్టుకునేలా మాట్లాడాం. కొన్ని రోజులు ఇబ్బంది పడ్డారు. ఆ ఇబ్బందిని దాచి మీకు చెప్పడం నాకు ఇష్టం లేదు. కాదు అనే మాటకు ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు ఒక్క ఇంటి మీద పడకుండా చూడడానికే సంఘం. సంఘం శరణం అంటే అర్థం అదే.

ఆ రోజు ఒక ముసలాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "నాయనా, నేను యాభై ఏళ్లు గొడ్లు ఎత్తినోణ్ని. తోలు తీసినోణ్ని. మరి నేను పాపం చేసినట్టేనా?"

నాకు మా తాత గుర్తొచ్చాడు. గోనెసంచిలో చుట్టిన ఆయన కత్తి మా చూరులో ఉండేది. కాలేజీకి పోయే రోజుల్లో స్నేహితులు ఇంటికొస్తే నేను దాన్ని దాచేవాణ్ని. సిగ్గుపడాల్సింది ఆ కత్తికి కాదని తెలియడానికి నాకు ధమ్మం కావాల్సి వచ్చింది. ఆ ముసలాయన రెండు చేతులూ పట్టుకుని చెప్పాను. "తాతా, నువ్వు ఒక్క ప్రాణం తీయలేదు. ఇయ్యనిది తీసుకోలేదు. ఊరికి రోగం రాకుండా చూశావు. నీలో పాపం లేదు. నీ చేత చేయించి, నిన్ను దూరం పెట్టినవాళ్లలో ఉంది."

బంధువులారా, మనలో కొందరు దీక్ష తీసుకోగానే ఇంకా ఆ పని చేస్తున్న మన మాదిగ, మాల పెద్దలను చిన్నచూపు చూస్తున్నారు. ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నారు. మైల భావాన్ని మనం బయట వదిలేసి వచ్చామా, మూటగట్టుకుని విహారంలోకి తెచ్చామా? తోలు పని తన ఇష్టంతో, సరైన కూలికి, చేతికి తొడుగులు వేసుకుని చేసేవాణ్ని గౌరవించండి. పుట్టుక పేరు చెప్పి చేయించేవాణ్ని ఎదిరించండి. ఈ రెండూ ఒకేసారి చేయగలిగినవాడే బాబాసాహెబ్ చూపిన బౌద్ధుడు.

రేపు మీరు బండి మీద పోతుంటే దారిలో ఏదైనా జీవం పడి ఉండొచ్చు. ఆగండి. ప్రాణం ఉందేమో చూడండి. ఉంటే సాయం పిలవండి. లేకపోతే ఒక్క క్షణం నిలబడండి, మన శరీరమూ ఇంతే అని తలచుకోండి. అది ఎవరిదో, ఎవరు ఎత్తాలో వాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా వెనక వచ్చే బండ్లు పడకుండా నాలుగు చెట్టు కొమ్మలు అడ్డం పెట్టండి. ఇది మీరు మీ ఇష్టంతో, కరుణతో చేసే పని. ఎవరి ఆజ్ఞా కాదు.

వచ్చే పౌర్ణమికి వచ్చేటప్పుడు మీ ఊరి పంచాయతీ కార్యదర్శి నంబరు, ఫారెస్టు రేంజి ఆఫీసు నంబరు రాసుకుని రండి. విహారం గోడ మీద అందరికీ కనిపించేలా రాసి పెడదాం.

భవతు సబ్బ మంగళం.
నమో బుద్ధాయ. జై భీం.